ఎర్ర స్టార్ పెట్టిన గడి

ముందే చెప్పేస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. మా క్లబ్ ఎడిటర్ అక్క ఒత్తులన్నీ దిద్దింది. ఇంకా ఏమైనా మిగిలితే అవి నావే.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో నేను ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. మీలో చాలామంది ఇంటర్న్‌షిప్‌లు, హ్యాకథాన్‌లు చేసి ఉంటారు. నాది ఒక్క షీట్. కానీ ఈ రెండేళ్లలో క్లాసులో నేర్చుకోనిది దాని దగ్గర నేర్చుకున్నాను. అందుకే రాస్తున్నా.

మా మేనత్త నర్సు. పిల్లల హోమ్‌లో పనిచేస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాల్లో ఏదో ఒకచోట అనుకోండి. ఊరి పేరు, హోమ్ పేరు రాయను. అక్కడి పిల్లల పేర్లు, ఫొటోలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మొదటిరోజే ఫోన్ తీసి వరండాలో ఆడుకుంటున్న పిల్లల్ని ఫొటో తీయబోతే అత్త నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "నీ ఫొటో అడగకుండ ఎవడన్న తీస్తె ఊకుంటవా?" అంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఈ హోమ్‌కి ఎవరొస్తారంటే, ఎవరూ లేనివాళ్లు, ఉన్నా చూసుకోలేనివాళ్ల పిల్లలు, ఇంట్లోంచి పారిపోయినవాళ్లు, పనిలోంచి తప్పించి తెచ్చినవాళ్లు. మా గద్వాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. సాయంత్రం పూవు విప్పి కేసరాలు తీసెయ్యాలి, మర్నాడు పొద్దున వేరే మొక్క పుప్పొడి అంటించాలి. ఒక్కో పూవూ చేత్తోనే చెయ్యాలి. చిన్న వేళ్లయితే పని చురుగ్గా అవుతుందని ఏళ్ల తరబడి పిల్లల్ని పెట్టుకున్నారు. అలా బడి మానేసిన పిల్లలు, నల్లమల పెంటల నుంచి వచ్చిన చెంచు పిల్లలు, అమ్మానాన్న వలసపోతే ముసలవ్వ దగ్గర ఉండి, ఆ అవ్వ కూడా పోయాక మిగిలినవాళ్లు. ప్రతి ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు, అధికారులు కలిసి స్టేషన్లు, హోటళ్లు, ఇటుక బట్టీలు వెతుకుతారు. అప్పుడు ఒక్కసారిగా కొత్త ముఖాలు వస్తాయి. పిల్లాడు దొరికాక 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. వాడు ఎక్కడ ఉండాలో ఆ సమితే చెప్తుంది.

అత్త దగ్గర పిల్లల ఆరోగ్యం వివరాలన్నీ లాంగ్ నోట్‌బుక్కుల్లో ఉంటాయి. అట్ట చిరిగిపోయి, మధ్యలో దారం కట్టి, ఒకదానికి పసుపు మరక. "అత్తా, ఏ కాలంలో ఉన్నావ్? నేను ఎక్సెల్‌లో పెట్టిస్తా, వెతుక్కోవడం ఈజీ అవుతుంది" అన్నాను. "పెట్టు అల్లుడా, నాకూ చేతులు నొస్తున్నయ్" అంది. సూపరింటెండెంట్ సార్ ఒప్పుకున్నారు. హోమ్ కంప్యూటర్‌లోనే చెయ్యాలి, పెన్‌డ్రైవ్ తేవద్దు, ఏదీ బయటికి పోవద్దు అన్నారు. అలాగే చేశాను.

డేటాబేస్ సబ్జెక్టులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆ ఉత్సాహంతో మొదలుపెట్టాను. పేరు, పుట్టిన తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబర్, బ్లడ్ గ్రూప్, టీకాలు, దీర్ఘకాలిక వ్యాధులు. ముఖ్యమైన వాటి పక్కన ఎర్ర స్టార్ పెట్టాను. అవి నింపకపోతే సేవ్ అవ్వదు. మిగతావాటికి డ్రాప్‌డౌన్‌లు. ఉంది, లేదు. బాగుంది, బాగోలేదు. ఎవరికి తోచింది వాళ్లు టైప్ చేస్తే డేటా పాడవుతుందని, అత్త నోట్‌బుక్కులో ప్రతి పేజీ అడుగున ఉండే 'ఇతర విషయాలు' అనే భాగాన్ని తీసేశాను. దాన్ని క్లీన్ చేయడమంటారు మా భాషలో.

మొదటి పిల్లాడి దగ్గరే ఆగిపోయింది. పుట్టిన తేదీ లేదు. బడి సర్టిఫికెట్ ఉంటే అది చూస్తారు, లేకపోతే మున్సిపాలిటీదో పంచాయతీదో జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష చేసి వయసు అంచనా వేస్తారు. అదయ్యేదాకా ఏం రాయాలి? జనవరి 1 అని కొట్టాను. రెండోవాడికీ అంతే. నా షీట్ ప్రకారం ఆ హోమ్‌లో పదిమందికి పైగా ఒకే రోజు పుట్టారు. తల్లి పేరు తెలియనివాళ్లకి అడ్డగీత కొట్టాను. ఫోన్ నంబర్ తప్పనిసరి అని నేనే పెట్టాను కదా, దానికి పది సున్నాలు కొట్టాను.

ఆ మూడో రోజు సాయంత్రం, గురువారం, ఒక పిల్లాణ్ని తీసుకొచ్చారు. పన్నెండేళ్లు ఉంటాయేమో. రైల్వే స్టేషన్‌లో ఒక్కడే కూర్చుని దొరికాడట. తెలుగు రాదు. హిందీ నాలుగు ముక్కలు. ఒడిశా అని మాత్రం అర్థమైంది.

నేను సిస్టమ్ ఆన్ చేసి కూర్చున్నాను. అత్త నా వైపు కూడా చూడలేదు. "ముందు బువ్వ, తర్వాత స్నానం, తర్వాతనే ముచ్చట" అంది. వాడు తింటుంటే ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ఎట్లా తింటున్నాడు, ఏ చెయ్యి వాడుతున్నాడు, నమలడానికి ఇబ్బంది పడుతున్నాడా అని ఓరగా చూస్తూ ఉంది. స్నానం అయ్యాక పరీక్ష మొదలైంది. ముట్టుకునే ముందు ప్రతీదీ తన మీద చేసి చూపించింది. తన కనురెప్ప కిందికి లాగి చూపించి, తర్వాత వాడి కనురెప్ప. రక్తం తక్కువుంటే లోపల తెల్లగా ఉంటుంది. తన వేళ్లు చాపి చూపించి, తర్వాత వాడి వేళ్ల సందులు. గజ్జి ముందు అక్కడే కనిపిస్తుంది. తన నోరు తెరిచి టార్చ్ వేసి చూపించింది, వాడు కొంచెం నవ్వి తనూ తెరిచాడు. దెబ్బలు తిన్న పిల్లల మీద ఉన్నట్టుండి చెయ్యి వేస్తే జంకుతారట. అందుకే ముందు తన మీద చూపించడం.

చివరగా ఎడమ భుజం చూసింది. చిన్న గుండ్రటి మచ్చ. బీసీజీ టీకా మచ్చ. మనలో చాలామందికి ఉంటుంది, ఇప్పుడు మీ చొక్కా చెయ్యి పైకి లాగి చూసుకోండి. పసితనంలో వేస్తారు.

"ఉన్నది," అంది అత్త. నిజంగా సంతోషపడింది. "వీన్ని ఎవరో సంకనెత్తుకొని దవాఖానకు తెచ్చిండ్రు అల్లుడా. వీనికి మనుషులున్నరు."

నా షీట్‌లో టీకాలు అన్న గడిలో 'బీసీజీ: ఉంది' అని సెలెక్ట్ చేశాను. పళ్లు అన్న గడిలో 'బాగోలేవు'. అత్త మాత్రం పక్కన తన నోట్‌బుక్కులో ఏదో రాసుకుంటూనే ఉంది. డబుల్ పని అనుకున్నాను.

శుక్రవారం నాకు ఒక ఐడియా వచ్చింది. మా బ్రాంచ్‌లో ఒకడిది బరంపురం. ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్లు చాలామంది. వాడికి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. సూపరింటెండెంట్ సార్‌ని అడిగి, ఆఫీసు ఫోన్ నుంచే స్పీకర్ పెట్టి కలిపాను. పిల్లాడి పేరు చెప్పలేదు. తన భాష వినగానే ఆ పిల్లాడు కుర్చీలో ముందుకు జరిగాడు. మొదట అడిగింది ఏంటో తెలుసా? తను చేసిన తప్పేంటి, ఇక్కడ ఎందుకు పెట్టారు అని. ఇది జైలు కాదని మావాడు నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. ఊళ్లో ఒకాయన పని ఇప్పిస్తానని ఇంకొంతమందితో కలిపి బెంగళూరు వైపు తీసుకుపోతుంటే, భయమేసి మధ్యలో రైలు దిగిపోయాడట.

తర్వాత నేను నా షీట్ ప్రకారం ప్రశ్నలు చదివాను. మావాడు ఒడియాలో అడిగాడు. దీర్ఘకాలిక వ్యాధులు? లేవన్నాడు. 'లేదు' సెలెక్ట్ చేశాను. సేవ్ అయింది. ఆ రోజు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ టైంలో అత్త వేరే పిల్లలకి మందులిస్తోంది. గజ్జి వస్తే ఒక్కడికి రాస్తే సరిపోదు, గదిలో అందరికీ ఒకేసారి మెడ నుంచి కాళ్ల దాకా రాసి, దుప్పట్లన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వెయ్యాలి. రోజంతా ఆ పనే.

శనివారం రాత్రి పదకొండు దాటాక ఆ పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి.

నేను అప్పటిదాకా ఫిట్స్ ఎప్పుడూ చూడలేదు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నాయి, కళ్లు పైకి పోయాయి. వాచ్‌మన్ తాత తాళాల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, చేతిలో పెడదామని. అత్త ఆపేసింది. పిల్లాణ్ని పక్కకి తిప్పింది, తల కింద మడిచిన దుప్పటి పెట్టింది, చుట్టూ ఉన్న ట్రంకు పెట్టెలు జరిపించింది, గోడ గడియారం చూసింది. నోట్లో ఏమీ పెట్టలేదు, కాళ్లు చేతులు అదిమి పట్టుకోనివ్వలేదు. ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి, హాస్టల్‌లో ఎప్పుడైనా అవసరం పడొచ్చు. ఇనుము పెడితే ఫిట్స్ ఆగవు. నీళ్లు తాగించొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైం చూడాలి, ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ మళ్లీ వచ్చినా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఎన్నడూ లేనిది మొదటిసారి వస్తే టైం చూస్తూ కూర్చోకుండా అప్పుడే చెయ్యాలి. అత్త నా చేత వెంటనే చేయించింది.

ఆసుపత్రిలో ఫిట్స్ ఆగడానికి ఇవ్వాల్సింది ఇచ్చారు. డ్యూటీ డాక్టరమ్మ అడిగింది, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చాయా? ఏమైనా మందులు వాడుతున్నాడా? తలకి దెబ్బ? జ్వరం? మనల్ని ఎప్పుడైనా ఆసుపత్రికి తీసుకెళ్తే ఇవన్నీ అమ్మ చెప్తుంది. మనం పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటాం. చిన్నప్పుడు కామెర్లు వచ్చాయని, ఫలానా ఇంజెక్షన్ పడదని, అమ్మకి అంతా గుర్తుంటుంది. ఆ పిల్లాడి వెనక నేనూ అత్తా ఉన్నాం. రెండు రోజుల పరిచయం.

"దీర్ఘకాలిక వ్యాధులు లేవు మేడమ్, నిన్న అడిగాం" అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది.

అత్త నోట్‌బుక్కు తెరిచింది. ఆంబులెన్స్ ఎక్కేటప్పుడు ఆమె పర్సు మరిచిపోయింది కానీ ఆ పుస్తకం మరిచిపోలేదు. గురువారం సాయంత్రం రాసింది చదివింది. "చిగుళ్లు పండ్ల మీదికి పెరిగినయ్. రక్తం లేదు. నొప్పి లేదంటుండు. కొత్తగ అయింది కాదు, పాతదే."

డాక్టరమ్మ టార్చ్ తీసుకుని వాడి పెదవి పైకెత్తి చూసింది. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ అనే మందు ఎక్కువకాలం వాడితే కొంతమందికి చిగుళ్లు అలా పెరుగుతాయట. "వీడు మాత్రలు వేసుకునేవాడై ఉంటాడు. ఉన్నట్టుండి ఆగిపోయి ఉంటాయి. కనుక్కోండి" అంది. ఆ మందు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయితే మెదడువాపా, మరేదైనా అని వేరే దారిలో వెతకాలి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పంపాల్సి రావచ్చు. పరీక్షలు ఎలాగూ చేశారు. కానీ ముందు ఏం చూడాలో ఆ నాలుగు ముక్కలు చెప్పాయి.

ఆదివారం పొద్దున మళ్లీ బరంపురం ఫ్రెండ్‌కి ఫోన్. ఈసారి అత్త అడిగింది. జబ్బు అనే మాటే ఎత్తలేదు.

"రాత్రి పండుకునే ముందు మీ అమ్మ నీకేం పెట్టేది?"

అన్నం, పప్పు, ఎప్పుడైనా చేప అని చెప్పుకుంటూ పోయాడు. తర్వాత మామూలుగా, ఒక తెల్ల మాత్ర అన్నాడు. చిన్నప్పటి నుంచీ. రైలెక్కేటప్పుడు చీటీ, మాత్రలు ఉన్న సంచి ఇంకొకతని దగ్గర ఉండిపోయింది. మరి మొన్న అడిగితే లేదన్నావేం అని మావాడు అడిగాడు. జబ్బు ఉందని చెబితే పనిలోంచి తీసేస్తారని ఊళ్లో ఆ తీసుకెళ్లినాయన చెప్పాడట. పైగా మాత్ర వేసుకుంటే ఏమీ రాదు కదా, అది జబ్బెలా అవుతుంది అన్నాడు.

నేను ఆ రోజు హోమ్‌కి తిరిగొచ్చి షీట్ తెరిచాను. పళ్లు: బాగోలేవు. దీర్ఘకాలిక వ్యాధులు: లేదు. రెండూ సరైన ఎంట్రీలే, ఎర్రర్ ఏమీ చూపించడం లేదు. అత్త టార్చ్ వేసి చూసినదాన్ని నేను 'బాగోలేవు' అనే ఒక్క మాటకి కుదించాను. అదే రికార్డు తీసుకుని ఆసుపత్రికి పోయుంటే డాక్టరమ్మ పిప్పిపన్ను అనుకునేది.

అత్త నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది. రాత్రి చపాతీలు చేస్తూ తన సంగతి చెప్పింది. మా తాత, నానమ్మ గుంపు మేస్త్రీ వెనక డ్యామ్ పనులకి పోయినవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది వీళ్లే. అత్తకి ఎనిమిదేళ్లప్పుడు మహారాష్ట్రలో పని దగ్గర జ్వరం వచ్చింది. తల్లిదండ్రులు పనిలో ఉన్నారు, పక్క గుడిసె మనిషి ఆసుపత్రిలో దింపి పోయింది. అక్కడి నర్సు మరాఠీలో అడుగుతోంది, అత్తకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఆమె నాలుక చాపి చూపెట్టింది, నేను చాపిన. కడుపు పట్టుకొని చూపెట్టింది, నేను పట్టుకున్న. ఆమె పేరు సుత తెల్వదు నాకు," అంది. గురువారం ఆ పిల్లాడి ముందు నోరు తెరిచి చూపించడం ఎక్కణ్నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

తర్వాత నేను కొంచెం చదివాను. ఇది మన జిల్లాల సంగతే కాదు. అఫ్గానిస్తాన్, సూడాన్, ఎరిత్రియా లాంటి దేశాల నుంచి అమ్మానాన్న లేకుండా ఒక్కరే ఆశ్రయం కోసం బ్రిటన్ చేరే పిల్లలు ఉన్నారు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన ఏ పిల్లాడికైనా 20 పనిదినాల్లోపు పూర్తి ఆరోగ్య పరీక్ష జరగాలని నియమం. ఇలాంటి పిల్లల కోసమే ప్రత్యేకంగా నర్సులు ఉంటారు. అక్కడా అవే ఇబ్బందులు. వయసు ఎంతో కాగితం లేదు, ఏ టీకాలు పడ్డాయో తెలియదు, భాష రాదు, ప్రశ్న అడిగితే ఏం చెబితే ఏమవుతుందో అని భయం. మన దగ్గర ఇలాంటి హోమ్‌లలో ప్రతి పిల్లాడికీ మెడికల్ రికార్డు ఉండాలి, నెలనెలా పరీక్ష జరగాలి అని రూల్స్‌లో ఉంది. పిల్లల హక్కుల ఒప్పందంలో 1992లోనే మన దేశం చేరింది. రూల్ బాగానే ఉంది. కానీ ఆ రికార్డులో ఏం ఉంటుందనేది టార్చ్ పట్టుకున్న మనిషి మీద ఉంటుంది. ఆ మనిషి రాసినదాన్ని నాలాంటివాడు ఎలా దాస్తాడనే దాని మీద కూడా ఉంటుంది. ఇది నాకు ముందు తట్టలేదు.

సెలవులు అయిపోయేలోపు షీట్ మళ్లీ చేశాను. అత్తని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెప్పిన వరసలో. 'దీర్ఘకాలిక వ్యాధులు' తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాం. ఇంట్లో రోజూ ఏం మింగేవాడివి? ఎప్పుడైనా ఆసుపత్రిలో పడుకున్నావా? నీకు బాగాలేనప్పుడు ఎవరు చూసుకునేవారు? మూడోది ఎందుకత్తా అన్నాను. "ఆ పేరు దొరికితే ఇల్లు దొరుకుతది" అంది. పుట్టిన తేదీ బదులు 'అంచనా వయసు, ఎవరు చెప్పారు' అని పెట్టాం. జనవరి 1లన్నీ తీసేశాను. పది సున్నాలు కూడా. నేను చెరిపేసిన 'ఇతర విషయాలు' తిరిగొచ్చింది, ఈసారి అన్నిటికంటే పైన, అన్నిటికంటే వెడల్పుగా. అందులో అత్త మాటలు అత్త మాటల్లాగే టైప్ చేశాను. "అన్నం తింటప్పుడు ఎడమ దిక్కు నములుతలేడు." "చీకట్ల పండుకోడు, లైటు ఉండాలె." "నవ్విండు ఇయ్యాల."

ఆ పిల్లాడి ఊరు దొరికింది. బాలల సంక్షేమ సమితి అక్కడి వాళ్లతో మాట్లాడి, తోడు మనిషినిచ్చి పంపించింది. వెళ్లేరోజు అత్త నెలకి సరిపడా మాత్రలు కవర్లో పెట్టి, ఎప్పుడు వెయ్యాలి, ఎందుకు ఆపకూడదు, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలి అని ఒక కాగితం రాసింది. దాన్ని మా బరంపురం వాడు ఒడియాలో టైప్ చేసి పంపాడు. కాగితం ఎవరికి ఇవ్వాలి అంటే "మా అమ్మకి" అన్నాడు పిల్లాడు. అమ్మకి చదువు రాదు, పక్కింటి అక్క చదివి చెప్తుందట. అది కూడా అత్త నోట్‌బుక్కులో రాసుకుంది.

అవును, నోట్‌బుక్కు ఇంకా ఉంది. కరెంటు పోతే ఎట్ల అంటుంది. మొన్న దసరాకి పోయినప్పుడు కొత్తది కొనిచ్చాను.

షీట్‌లో ఇప్పుడు ఎర్ర స్టార్ ఉన్న గడులు రెండే. ఒకటి తేదీ. రెండోది, చూసినవాళ్ల పేరు. మిగతావన్నీ ఖాళీగా వదిలేసినా సేవ్ అవుతుంది.